మోకాలి ఎంఆర్ఐ, మూడో పాఠం: అరగంట కదలకుండా పడుకోవడం

మొదటి రెండు పాఠాల్లో ఒంటి మీద ఉండకూడని లోహం గురించి, ఫారంలో దాచకుండా రాయాల్సిన విషయాల గురించి చెప్పుకున్నాం. పేస్‌మేకర్, చెవి లోపల అమర్చిన ఇంప్లాంట్, మెదడు రక్తనాళానికి వేసిన క్లిప్పు, ఎప్పుడో గ్రైండింగ్ చేస్తుంటే కంట్లో పడిన ఇనుప రజను, వీటిలో ఏది ఉన్నా ముందు ఆ మాట స్కాన్ సెంటర్‌లో చెప్పండి, ఈ పాఠం తర్వాత చదవొచ్చు. ఎంఆర్ఐ యంత్రంలోని పెద్ద అయస్కాంతం మీరు లోపలికి వెళ్లాక ఆన్ చేసేది కాదు, రాత్రీ పగలూ పనిచేస్తూనే ఉంటుంది.

ఈ రోజు నేర్చుకోబోయేది ఒక్కటే, కదలకుండా పడుకోవడం. పడుకోవడానికి కూడా పాఠం కావాలా అనుకోకండి. దెబ్బ తగిలి వాచిన మోకాలితో 20 నుంచి 40 నిమిషాలు ఒకే తీరులో ఉండటం కష్టం. నా మొదటి స్కాన్‌కి నేను ఏ సాధనా లేకుండా వెళ్లాను. పది నిమిషాలు దాటగానే మడమ మంటెక్కింది, ఎలాగైనా ఓర్చుకోవాలని పళ్లు బిగబట్టాను, పళ్లతో పాటు తొడ కూడా బిగుసుకుంది, ఇంకాసేపటికి కాలు దానంతట అదే ఒక్కసారి అదిరింది. ఆ భాగం మళ్లీ మొదటి నుంచి తీశారు. పట్టుదల ఎంత ఉన్నా చాలదని, స్కాన్ మొదలయ్యే ముందే కాలు హాయిగా సర్దుకుని ఉండాలని నాకు అప్పుడే తెలిసింది.

ఒక్క అదురుకి మళ్లీ తీయడం ఎందుకంటే, ఎంఆర్ఐ ఎక్స్‌రేలా రెప్పపాటులో అయిపోయేది కాదు. మన ఒంట్లోని నీటిలో, కొవ్వులో ఉండే హైడ్రోజన్‌ని రేడియో తరంగాలతో కదిలించి, అది తిరిగి ఇచ్చే సంకేతాలను కొన్ని నిమిషాల పాటు పోగుచేస్తారు, అవన్నీ చేతికొచ్చాకే కంప్యూటర్ బొమ్మలు కడుతుంది. అందుకే మూడో నిమిషంలో కదిలితే ఆ ఒక్క క్షణమే పాడవుతుందని అనుకోవడానికి లేదు, ఆ విడతలో వచ్చే బొమ్మలన్నిటి మీదా మసకో నీడో పడొచ్చు. మెనిస్కస్‌లో, అంటే మోకాలి ఎముకల మధ్య మెత్తలా ఉండే మృదులాస్థిలో, చిరుగు ఒక్కోసారి సన్నటి గీతంత ఉంటుంది, మసకలో అది కనబడకుండా పోతే ఇంత దూరం వచ్చిన పని చెడినట్టే.

ఇక సాధన. గట్టిగా ఉన్న పరుపు మీద వెల్లకిలా పడుకోండి, మోకాలి కింద చిన్న టవల్ మడిచి పెట్టండి, స్కాన్‌లో కూడా మోకాలు దాదాపు ఇలాగే కొద్దిగా వంగి ఉంటుంది. ఫోన్‌లో టైమర్ పెట్టి చేతికి అందనంత దూరంలో ఉంచండి. తొలి రోజు ఐదు నిమిషాలు, మర్నాడు పది, ఆపై ఇరవై. నొప్పి పెరిగితే ఆపేయండి, ఇది ఓర్పుకి పరీక్ష కాదు. ముందుగా ఎక్కడ ఇబ్బంది మొదలవుతుందో గమనించడమే అసలు పని. కొందరికి మడమ, కొందరికి నడుము, చాలామందికి ముక్కు మీద దురద. ఆ చోటు తెలిస్తే టెక్నీషియన్‌కి ముందే చెప్పి అక్కడ మెత్త పెట్టించుకోవచ్చు. దురద వచ్చినప్పుడు గోకకుండా ఊపిరిని మెల్లగా లెక్కపెట్టండి, కాసేపటికి అదే సద్దుమణుగుతుంది. మోకాలి స్కాన్‌కి ఊపిరి బిగబట్టక్కర్లేదు, మామూలుగా తీసుకుంటే చాలు, మరీ గట్టిగా పీలిస్తే నడుము కదులుతుంది.

కాలివేళ్లు మాత్రం మనల్ని మోసం చేస్తాయి. టెన్షన్‌గా ఉన్నప్పుడు తెలియకుండానే ఆడిస్తాం, పిక్క కండరం మోకాలికి పైన తొడ ఎముక దగ్గర అతుక్కుని ఉంటుంది కాబట్టి పాదం కదిపితే మోకాలి వెనక కూడా కదులుతుంది. సాధనలో అప్పుడప్పుడూ మనసుని వేళ్ల మీదికి తీసుకెళ్లి వదులుగా ఉన్నాయో లేదో చూసుకోండి.

స్కాన్ గదిలో ఏం జరుగుతుందో కూడా తెలిసి ఉంటే మంచిది. మోకాలి చుట్టూ కాయిల్ అనే గట్టి తొడుగు బిగిస్తారు, చుట్టూ మెత్తలు దూరుస్తారు. ఇక్కడ మొహమాటపడొద్దు, ఎక్కడ ఒత్తుకున్నా అప్పుడే చెప్పండి, ఎందుకంటే ఒకసారి మొదలయ్యాక సర్దుకోవడానికి వీలుండదు. రెండు కాళ్లూ ఒకదానికొకటి ఆనకుండా చూసుకోండి, చేతులు ముడిచి పెట్టుకోకండి. చర్మం చర్మానికి తాకి వలయంలా అయితే ఆ చోట వేడెక్కి కాలే ప్రమాదం ఉంది. ఒంట్లో కాస్త వెచ్చగా అనిపించడం మామూలే, ఒక్కచోట మాత్రం చురుక్కుమంటే టెక్నీషియన్‌ని పిలవడానికి చేతికిచ్చిన రబ్బరు బుడ్డిని వెంటనే నొక్కండి. అది ఉన్నదే అందుకు, నొక్కితే ఎవరూ ఏమీ అనుకోరు.

కాళ్ల వైపు నుంచి లోపలికి పంపుతారు కాబట్టి మోకాలి స్కాన్‌లో చాలామందికి తల బయటే ఉంటుంది. ఇరుకు చోటంటే భయం ఉన్నవాళ్లు ఈ మాట పట్టుకుని ధైర్యం తెచ్చుకోండి, అయినా భయం తగ్గకపోతే అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే చెప్పండి.

చప్పుడు మాత్రం గట్టిదే. లోపలి తీగచుట్టల్లో కరెంటు వేగంగా మారుతుంటే అవి అదిరి టకటకమని, గుర్రుమని, ఒక్కోసారి సుత్తితో కొట్టినట్టు మోగుతాయి. చెవుల్లో ఇయర్‌ప్లగ్గులో, చెవుల మీద హెడ్‌ఫోన్లో తప్పకుండా పెట్టించుకోండి. హఠాత్తుగా మొదలైనప్పుడు ఉలిక్కిపడటం సహజం, అందుకే సాధన చేసేటప్పుడు ఎవరినైనా మీకు చెప్పకుండా దగ్గర్లో గిన్నె మీద గరిటెతో కొట్టమనండి. రెండు మూడుసార్లకి ఒళ్లు అలవాటు పడుతుంది.

చప్పుడు ఆగగానే అయిపోయిందని కాలు చాపేస్తారు చాలామంది. అది విడతకీ విడతకీ మధ్య ఖాళీ, అంతే. ముందు తీసిన చిన్న బొమ్మ మీద గీతలు గీసుకుని మిగతా విడతలన్నీ ఎక్కడ తీయాలో నిర్ణయిస్తారు, ఆ ఖాళీలో మోకాలు జరిగితే ఆ లెక్క తప్పుతుంది. దగ్గు ఆపుకుంటూ ఉంటే మాత్రం ఈ ఖాళీలోనే దగ్గండి. పొరపాటున కాలు కదిలితే దాచొద్దు, చెప్తే ఆ కాస్తే మళ్లీ తీస్తారు, చెప్పకపోతే రిపోర్ట్ వచ్చాక ఇంకోసారి రావాల్సి రావొచ్చు.

అయ్యాక గబుక్కున లేవకండి. కాలు తిమ్మిరెక్కి ఉంటుంది, ఒక నిమిషం కూర్చుని, పట్టు దొరికాకే బరువు వేయండి.

తర్వాతి పాఠంలో రిపోర్ట్‌లో వచ్చే మాటలు చూద్దాం. ఈలోగా మూడు రోజుల సాధన చేసి, ఎన్నో నిమిషంలో ఎక్కడ ఇబ్బంది పెట్టిందో ఒక కాగితం మీద రాసుకోండి. స్కాన్ రోజు ఆ కాగితం వెంట తీసుకెళ్లి, పడుకోబోయే ముందే టెక్నీషియన్‌కి చూపించండి.