చెట్ల వేళ్లు డ్రైనేజీ పైపులోకి దూరకుండా ఏం చేయాలి?

పెరట్లో డ్రైనేజీ మాటిమాటికీ పూడుకుపోతుంటే చాలామంది ముందు చెట్టు కొట్టేయమంటారు. దయచేసి తొందరపడకండి, ముందు పైపు అతుకులు చూడండి. బాగున్న పైపును వేరు పగలగొట్టుకుని రావడం అరుదు. అతుకు దగ్గర ఊరే తడి ఉన్నచోటికి అది పాకుతుంది. వెంట్రుకంత సందు దొరికితే లోపలికి దూరి జడలా అల్లుకుంటుంది. మెతుకులు, నూనె జిడ్డు దానికి పట్టి గడ్డకడతాయి. సిమెంటు అతుకుల పాత స్టోన్‌వేర్ (కాల్చిన మట్టి) పైపులకు ఈ బెడద ఎక్కువ.

వానలకు ముందే, మే నెలలో ఓ పూట కేటాయించండి. ఛాంబర్ల మూతలు తీసి కాసేపు గాలి ఆడనివ్వండి. పై ఛాంబర్‌లో రెండు బకెట్ల నీళ్లు పోసి కింది ఛాంబర్ దగ్గర చూడండి. నీళ్లు సన్నగా వస్తే అడ్డు ఆ రెంటి మధ్యే ఉంది.

ఇప్పుడు చేతులకు తొడుగులు వేసుకుని, కింది ఛాంబర్ నుంచి వెదురుబద్ద గానీ ప్లంబర్ రాడ్ గానీ పైకి తోయండి. నిలిచిన నీరు ఒక్కసారిగా దూకుతుంది, ముఖం పక్కకు పెట్టుకోండి. బద్దకు పీచులాంటి వేళ్లు చుట్టుకొస్తే సంగతి తేలినట్టే. లోతైన మ్యాన్‌హోల్లోకి మాత్రం ఎవరినీ దింపకండి. విషవాయువు క్షణాల్లో ప్రాణం తీస్తుంది. మనుషులతో మురుగు ఎత్తించడాన్ని ఆపే 2013 చట్టం కూడా రక్షణ సామగ్రి లేకుండా మనిషిని అందులోకి దింపడాన్ని నిషేధించింది. నీటిని గట్టి ఒత్తిడితో చిమ్మి పైపు శుభ్రం చేసే జెట్టింగ్ యంత్రాన్ని పిలిపించండి.

వేళ్లు కోసినంత మాత్రాన పని అయిపోలేదు. కోసినచోటే మళ్లీ గుబురుగా చిగురిస్తాయి. మైలుతుత్తం పోస్తే మాడతాయి గానీ, సెప్టిక్ ట్యాంకులో మురుగును కుళ్లబెట్టే సూక్ష్మజీవులూ చస్తాయి, నేను దాన్ని ఒప్పుకోను. వేరు దూరిన అతుకు దగ్గర తవ్వించి, ఆ ముక్క తీసేసి పీవీసీ పైపు వేయించండి. అతుకులకు సాల్వెంట్ సిమెంటు (పీవీసీని అతికించే జిగురు) నిండుగా పట్టించాలి. వాలు తప్పనిసరి: 4 అంగుళాల పైపుకు పది అడుగులకు 3 అంగుళాలు, 6 అంగుళాల పైపుకు 2 అంగుళాలు. పూడ్చేముందు నీళ్లు నింపి అతుకులు కారుతున్నాయేమో చూడండి. ఈ ఒక్క పరీక్ష మానేసినందుకే మళ్లీ తవ్వుకున్న ఇళ్లున్నాయి.

కొత్తగా మొక్కలు పెడితే మందారం, నందివర్ధనం లాంటివి పైపుకు ఐదారడుగుల ఎడంలో పెట్టుకోవచ్చు. రావి, మర్రి, జువ్వి అయితే పైపు దరిదాపుల్లోనే వద్దు. పిట్టలు వేసిన గింజలతో ఛాంబర్ గోడ పగుళ్లలో రావి మొక్కలు లేస్తుంటాయి. రెండాకులప్పుడే వేరుతో సహా పీకేసి, ఆ పగులు సిమెంటుతో మూసేయండి.