ఖుక్రీ కత్తిని కొలిమిలో మలిచే విధానం

నేపాల్‌లో కామి కమ్మరులు ఖుక్రీకి తరచుగా పాత లారీల కమాను పట్టీలనే వాడతారు, ఎందుకంటే ఆ ఉక్కు గట్టిపడుతుంది, దెబ్బకు తట్టుకుంటుంది. కళ్లద్దాలు పెట్టుకుని, పట్టీని నారింజ రంగు తేలేవరకు కాల్చి, దాగలిపై సమ్మెటతో సాగదీయాలి. రంగు మసకబారాక కొడితే ఉక్కు చిట్లుతుంది.

అంచును పలచబరిచేకొద్దీ అది సాగి, అలుగు (కత్తి పలక) వెన్ను వైపు, అంటే అంచుకు ఎదురు వైపు తిరిగిపోతుంది కాబట్టి, కావలసిన దానికంటే కాస్త ఎక్కువగా ముందుకు వంచాకే అంచును కొట్టాలి. పిడి దగ్గరి ‘చో’ అనే గాటును ఆకురాయితో ఇప్పుడే తీయాలి.

అన్నిటికంటే సున్నితమైనది పదును పట్టించడం, అంటే కాల్చి చల్లార్చి అంచును గట్టిపరచడం. అయస్కాంతం అంటుకోనంత వేడికి మించి మరికాస్త కాల్చి, కెటిల్ కొమ్ముతో నీటిని అంచు పొడవునా మాత్రమే పోయాలి. అంచు గట్టిపడుతుంది, వెన్ను మెత్తగా మిగులుతుంది. వెన్నులో నిలిచిన వేడి తిరిగి అంచుకు పాకి దాని పెళుసుదనాన్ని తగ్గిస్తుంది. అంచు లేత గడ్డి రంగుకు రాగానే ఆ వేడిని నీటితో ఆపాలి. నా దృష్టిలో కమ్మరి నైపుణ్యమంతా ఈ కొద్ది క్షణాల్లోనే తెలుస్తుంది.

చివరగా అలుగు తోకను లక్కతో కర్ర పిడిలో బిగించి, అంచును నూరాలి.