చిన్న కన్వర్టిబుల్ స్పోర్ట్స్ కారును రోడ్డుకూ ఆటోక్రాస్‌కూ సిద్ధం చేసుకునే పద్ధతి

ఖాళీ పార్కింగ్ స్థలంలోనో వాడుకలో లేని రన్‌వే మీదనో ప్లాస్టిక్ కోన్లు పేర్చి, ఆ దారిలో ఒక్కో కారును విడిగా పరుగెత్తించి సమయం కొలిచే పోటీని ఆటోక్రాస్ అంటారు. ఒక పరుగు సాధారణంగా నిమిషానికి అటూ ఇటూగా ముగుస్తుంది, చాలావరకు రెండో గేరులోనే సాగుతుంది. ఇలాంటి దారిలో ఇంజను బలం కన్నా కారు తేలికగా ఉండటం, స్టీరింగు తిప్పిన వెంటనే ముందు భాగం మలుపులోకి రావడం ఎక్కువ పనికొస్తాయి. అందుకే మాజ్డా ఎంఎక్స్-5 మియాటా వంటి చిన్న కన్వర్టిబుళ్లు (పైకప్పు మడిచే కార్లు) ఈ పోటీలలో ఇంతగా కనిపిస్తాయి. ఈ వ్యాసంలో ఉదాహరణగా 1989లో వచ్చిన మొదటి తరం మియాటానూ, 1998లో వచ్చిన రెండో తరాన్నీ తీసుకుంటున్నాను. టన్ను బరువుకు కాస్త అటూ ఇటూగా ఉండే ఈ కార్లలో ఇంజను ముందు, ఇంజను బలం అందే చక్రాలు వెనుక, నాలుగు మూలలా డబుల్ విష్‌బోన్ సస్పెన్షన్ (ఒక్కో చక్రాన్ని పైనా కిందా రెండు చేతులు పట్టుకునే రకం) ఉంటాయి. వేరే చిన్న కన్వర్టిబుల్ ఉన్నవారికి కొలతలు మారినా పని చేయవలసిన వరుస మారదు.

అన్నిటికన్నా ముందు ఆ కారును ఫ్యాక్టరీ నుంచి వచ్చిన స్థితికి దగ్గరగా తీసుకురావాలి. ముప్పై ఏళ్ల కారుకు కొత్త స్ప్రింగులు బిగించడం కన్నా పగిలిన బాల్ జాయింటు (చక్రాన్ని సస్పెన్షన్ చేతికి కలిపే కీలు) మార్చడం వల్ల కలిగే తేడా ఎక్కువని చెబితే కొత్తవారికి నిరుత్సాహంగా ఉంటుంది గానీ, అదే నిజం. టైమింగ్ బెల్టును తయారీదారు చెప్పిన దూరానికి, అంటే సుమారు 96,000 కిలోమీటర్లకు, మార్చారో లేదో రుజువు దొరకకపోతే మార్చలేదనే అనుకోవాలి. రేడియేటరు పైన ఉండే ప్లాస్టిక్ ట్యాంకు మొదట నల్లగా ఉండి, వయసు మీరేకొద్దీ గోధుమ రంగులోకి దిగుతుంది. ఆ రంగు కనిపించిందంటే పగలడానికి రోజులు దగ్గర పడ్డట్టే. మెత్తని టాపు వెనుక మూలల్లో నీరు కిందకు పోవడానికి చిన్న గొట్టాలుంటాయి, అవి ఆకులతో, మట్టితో మూసుకుపోతే నీరు సిల్సులోకి (తలుపుల కింద పొడవునా ఉండే బోలు రేకు భాగాల్లోకి) దిగి లోపలి నుంచి తుప్పు పట్టిస్తుంది. తలుపు కింద, వెనుక చక్రానికి ముందున్న భాగాన్ని వేళ్లతో గట్టిగా నొక్కి చూడండి. అక్కడ మెత్తగా తగిలితే ఇక ఏ పార్టూ కొనకుండా ముందు ఆ తుప్పు సంగతి తేల్చుకోవాలి, ఎందుకంటే రోల్ బారు (కారు బోల్తా పడితే తలను కాపాడేందుకు సీట్ల వెనుక బిగించే ఇనుప గొట్టం) అయినా, గట్టి స్ప్రింగులు అయినా తమ బలమంతా ఆ రేకు మీదే వేస్తాయి.

పని మొదలుపెట్టే ముందే మీరు పాల్గొనదలచిన పోటీ నిబంధనల పుస్తకాన్ని చదవండి. అమెరికాలో ఎస్‌సీసీఏ (స్పోర్ట్స్ కార్ క్లబ్ ఆఫ్ అమెరికా) నడిపే సోలో అనే ఆటోక్రాస్ పోటీలలో స్ట్రీట్ విభాగంలో షాకబ్జార్బర్లను మార్చవచ్చు, ఒక యాంటీ రోల్ బారును (మలుపులో కారు పక్కకు ఒరగడాన్ని తగ్గించే కడ్డీని) మార్చవచ్చు, స్ప్రింగులను మాత్రం మార్చకూడదు. ఒక్క స్ప్రింగు మారిస్తే, ఎన్నో మార్పులు చేసిన కార్లతో పోటీ పడే విభాగంలోకి చేరతారు. ఇది తెలియక ముందు డబ్బు ఖర్చుపెట్టి, ఆ తరువాత నిబంధనలు చదివి బాధపడినవారు తక్కువేమీ కాదు.

ఇక ఖర్చు పెట్టవలసిన మొదటి చోటు టైర్లు. కారుకు నేలతో ఉన్న సంబంధమంతా నాలుగు అరచేతులంత రబ్బరు మీదే ఉంటుంది కనుక, దాన్ని వదిలేసి మిగతావి ఎంత మార్చినా ఫలితం సగమే. రోడ్డు కార్ల విభాగాలలో ఎక్కువగా 200 ట్రెడ్‌వేర్ (రబ్బరు ఎంత నెమ్మదిగా అరుగుతుందో చెప్పే అంకె) టైర్లను అనుమతిస్తారు, ఆ అంకె టైరు పక్క గోడ మీదే అచ్చయి ఉంటుంది. పాత టైర్లు కొనేటట్టయితే పక్క గోడ మీద డాట్ (DOT) అనే అక్షరాల వెంట ఉన్న చివరి నాలుగు అంకెలు చూడండి: 2319 అని ఉంటే ఆ టైరు 2019లో 23వ వారంలో తయారైంది. ట్రెడ్ లోతు బాగున్నా, ఏళ్లు గడిచి గట్టిపడ్డ రబ్బరు మలుపులో జారుతూనే ఉంటుంది.

మొదటి తరం మియాటాకు మొదట వచ్చిన టైరు 185/60ఆర్14, అంటే వెడల్పు 185 మిల్లీమీటర్లు, పక్క గోడ ఎత్తు అందులో 60 శాతం, రిమ్ము 14 అంగుళాలు. 15 అంగుళాల రిమ్ము మీద 205/50 గానీ 225/45 గానీ ఎక్కిస్తే మొత్తం వ్యాసం ఇంచుమించు అదే ఉంటుంది, అంటే స్పీడోమీటరు తప్పు చూపదు, గేరింగు కూడా మారదు. రిమ్ములు 4 బోల్టుల, 100 మిల్లీమీటర్ల పీసీడీవి (బోల్టులు అమరే వృత్తం వ్యాసం) కావాలి, మధ్య రంధ్రం 54.1 మిల్లీమీటర్లు ఉండాలి లేదా ఆ కొలతకు సరిపడే రింగులు వేయాలి. 205 టైరుకు 7 అంగుళాల వెడల్పు చాలు. 225కు 8 అంగుళాలది బాగుంటుంది గానీ కారును కిందకు దించితే వెనుక ఫెండరు అంచును లోపలికి మడవవలసి రావచ్చు. 17 అంగుళాల రిమ్ములు చూడటానికి ఎంత బాగున్నా ఈ కారుకు పెట్టకపోవడమే మంచిదని నా అభిప్రాయం: చక్రం బరువు పెరుగుతుంది, గుంటల మీద ఆ బరువంతా సస్పెన్షన్ మోయాలి, పైగా పక్క గోడ సన్నబడి రిమ్ము వంగే భయం ఉంటుంది.

టైర్ల తరువాత అలైన్‌మెంట్, అంటే చక్రాల కోణాలు సరిచేయడం. తక్కువ ఖర్చుతో కారు స్వభావాన్ని ఇంతగా మార్చేది మరొకటి లేదు. ముందు చక్రాలకు రెండు నుంచి రెండున్నర డిగ్రీల నెగెటివ్ క్యాంబరు (చక్రం పై అంచు లోపలికి వాలడం), వెనుక దానికన్నా అర డిగ్రీ తక్కువ, ముందు టో (పై నుంచి చూస్తే చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండటం) సున్నా, వెనుక మొత్తం మీద ఒకటి రెండు మిల్లీమీటర్ల టో-ఇన్ (చక్రాల ముందు అంచులు లోపలికి), క్యాస్టరు (పక్క నుంచి చూస్తే స్టీరింగు ఇరుసు వెనక్కి వాలిన కోణం) రెండు వైపులా సమానంగా ఉండేటట్లు వీలైనంత ఎక్కువ — రోడ్డుకూ పోటీకీ కలిపి మొదలుపెట్టడానికి ఈ అంకెలు బాగుంటాయి. కారు ఫ్యాక్టరీ ఎత్తులోనే ఉంటే ముందు క్యాంబరు డిగ్రీన్నర దాటకపోవచ్చు, అయినా పరవాలేదు. క్యాంబరు వల్ల టైరు లోపలి అంచు అరిగిపోతుందని అందరూ భయపడతారు గానీ, టైరును నిజంగా తినేసేది తప్పుగా ఉన్న టో. కొలిచేటప్పుడు డ్రైవరు సీటులో మీ బరువుకు సమానమైన ఇసుక బస్తాలు పెట్టించండి. ఇంత తేలికైన కారులో ఒక మనిషి ఎక్కినా కొలతలు కదులుతాయి.

పాత కారులో ఈ పనికి అడ్డుపడేది సస్పెన్షన్ చేతుల చివరన ఉండే క్యామ్ బోల్టు, అంటే తిప్పితే చక్రం కోణాన్ని మార్చే బోల్టు. బుష్ (ఆ చేయి కదిలే చోట ఉండే రబ్బరు దిమ్మ) లోపలి ఇనుప గొట్టానికి అది తుప్పుతో అతుక్కుపోయి ఉంటుంది. అలైన్‌మెంటు రోజుకు వారం ముందు నుంచీ రోజుకొకసారి దాని రెండు చివర్లా తుప్పు వదిలించే నూనె కొట్టండి. పెయింటు పెన్నుతో క్యాము మీదా, దాని వెనుక రేకు మీదా కలిసేటట్లు ఒక గీత గీసుకోండి. నట్టు వదులు చేశాక బోల్టు తలను తిప్పితే రెండు గీతలూ విడిపోవాలి. తల తిరుగుతూ రబ్బరు మెలిపడి, వదలగానే వెనక్కి తిరిగి వస్తుంటే బోల్టు ఇంకా పట్టుకునే ఉందని అర్థం. అప్పుడు పొడుగు రెంచితో బలం చూపిస్తే బోల్టు విరిగి, చివరకు ఆ సస్పెన్షన్ చేయినే కోసి తీయవలసి వస్తుంది.

షాకబ్జార్బర్లూ స్ప్రింగుల విషయంలో నేను చేసిన పొరపాటు చెప్పాలి. మొదటిసారి చవకగా దొరికిన కాయిలోవర్లు (ఎత్తు సర్దుకోగల, స్ప్రింగూ షాకూ కలిసిన జతలు) వేసి, చూడముచ్చటగా ఉందని కారును నాలుగు సెంటీమీటర్లు దించాను. నున్నటి రోడ్డు మీద అంతా బాగానే ఉంది. మలుపు మధ్యలో చిన్న గతుకు తగిలేసరికి వెనుక భాగం ఒక్కసారి పక్కకు ఎగిరింది. విప్పి చూస్తే షాకు రాడ్డుకు తొడిగిన రబ్బరు దిమ్మ, అంటే బంప్ స్టాప్, నలిగి పొడి రాలుతోంది: కారు స్ప్రింగు మీద నడవడం మానేసి దాని మీదే కూర్చుంది. ఈ కార్లలో సస్పెన్షన్ కదలడానికి ఉన్న చోటు అసలే తక్కువ. ఎత్తు తగ్గించిన ప్రతి మిల్లీమీటరూ ఆ చోటులోంచే పోతుంది. అందువల్ల దించడం రెండు, రెండున్నర సెంటీమీటర్ల దగ్గర ఆపాలి, దించినప్పుడు స్ప్రింగు కూడా తగినంత గట్టిదై ఉండాలి. ఒక మిల్లీమీటరు నొక్కుకోవడానికి ముందు 6 కిలోలు, వెనుక 4 కిలోల ప్రాంతంలో బరువు కావలసిన స్ప్రింగులు, వాటికి సరిపోయే డ్యాంపింగ్ (ఊపును ఆపే శక్తి) ఉన్న కోని, బిల్‌స్టీన్ వంటి షాకులు వేస్తే రోజూ నడపగలిగే కారే అవుతుంది. స్ప్రింగు గట్టిదై షాకు బలహీనమైనదైతే గతుకు దాటాక కూడా కారు ఊగుతూనే ఉంటుంది, కోన్ల మధ్య కుడి ఎడమలకు వెంటవెంటనే తిప్పేటప్పుడు ఆ ఊపే మిమ్మల్ని దారి తప్పిస్తుంది.

సస్పెన్షన్ విప్పి బిగించేటప్పుడు చాలామంది మరిచిపోయేది ఒకటుంది. ఫ్యాక్టరీ రబ్బరు బుష్‌లు లోపలి గొట్టానికి అతికి ఉంటాయి, జారవు, మెలిపడతాయి. కారు జాకీ మీద, చక్రాలు వేలాడుతున్నప్పుడు బోల్టులను గట్టిగా బిగిస్తే, కారు నేల మీదకు దిగిన క్షణం నుంచి ఆ రబ్బరు మెలిపడే ఉండి కొన్ని నెలల్లో చిరుగుతుంది. బోల్టులను చేతితో పట్టేంతవరకే తిప్పి వదిలి, కారు తన బరువు మీద నిలిచాకనే పూర్తిగా బిగించాలి.

యాంటీ రోల్ బారు విషయంలో ముందుది లావుగా మార్చి, వెనుకదాన్ని ఫ్యాక్టరీదే ఉంచడం మేలు. ముందు బారు లావు చేస్తే కారు మలుపులో తిరగడానికి మొరాయిస్తుందని పుస్తకాలు చెబుతాయి, ఈ కారులో మాత్రం అనుభవం తరచుగా వేరుగా ఉంటుంది: పక్కకు ఒరగడం తగ్గి, ముందు టైరు నేల మీద చదునుగా నిలిచి, పట్టు పెరుగుతుంది. మరో కారణం డిఫరెన్షియల్, అంటే ఇంజను బలాన్ని రెండు వెనుక చక్రాలకూ పంచే గేర్ల అమరిక. వెనుక బారు లావుగా ఉంటే మలుపులో లోపలి వెనుక చక్రం గాలిలోకి లేస్తుంది. ఓపెన్ (మామూలు) డిఫరెన్షియల్ ఉన్న కారులో అప్పుడు బలమంతా ఆ చక్రం తిరగడానికే పోతుంది. పట్టున్న చక్రానికి ఎక్కువ బలం పంపే టోర్సెన్ రకం డిఫరెన్షియల్ కూడా పూర్తిగా లేచిన చక్రం విషయంలో పెద్దగా సాయపడదు, ఎందుకంటే అది తేలికైన చక్రానికి అందుతున్న బలానికి కొన్ని రెట్లు మాత్రమే రెండో చక్రానికి ఇవ్వగలదు, సున్నాను ఎన్ని రెట్లు చేసినా సున్నాయే. మీ కారు 1.6 లీటర్లదై, 1.8 లీటర్ల కారులోని టోర్సెన్‌ను దానికి వేయదలిస్తే లోపలి భాగం ఒక్కటే మార్చి సరిపెట్టడం కుదరదు. 1.6లో రింగు గేరు 6 అంగుళాలది, 1.8లో 7 అంగుళాలది కనుక హౌసింగు, యాక్సిళ్లు, ప్రొపెల్లర్ షాఫ్టు అన్నీ కలిపి తెచ్చుకోవాలి.

బ్రేకుల మీద ఎక్కువ ఖర్చు అక్కర్లేదు. నిమిషంలో ముగిసే పరుగులో బ్రేకులు వేడెక్కి జారిపోయేంత సమయమే ఉండదు. పెద్ద డిస్కులు బరువు పెంచడం తప్ప చేసేదేమీ లేదు. రేసింగు ప్యాడ్లు ఇంకా నష్టం, అవి వేడెక్కితేనే పట్టుకుంటాయి, మొదటి మలుపుకు చల్లగా ఉంటాయి, ఉదయం రోడ్డు మీద ఎవరైనా అడ్డం వచ్చినప్పుడూ చల్లగానే ఉంటాయి. చల్లగా ఉన్నప్పుడే పట్టే మంచి రోడ్డు ప్యాడ్లు వేసి, గాలిలోని తేమను పీల్చుకునే స్వభావం ఉన్న డాట్ 4 రకం బ్రేకు ద్రవాన్ని రెండేళ్లకొకసారి మారిస్తే చాలు. సిలికాన్‌తో చేసిన డాట్ 5ను మాత్రం దానితో కలపకూడదు.

కన్వర్టిబుల్ కనుక రోల్ బారు గురించి కచ్చితంగా ఆలోచించాలి. హెల్మెట్ పెట్టుకుని, బెల్టు కట్టుకుని మీరు సీటులో కూర్చున్నాక, బారు పై అంచు నుంచి ముందు అద్దం ఫ్రేము పై అంచు దాకా ఒక పొడవాటి కర్రను ఆనించి పక్క నుంచి మరొకరిని చూడమనండి. హెల్మెట్ ఆ కర్రకు తగలకుండా కింద ఉండాలి. పొడుగైనవారు సీటు అడుగు నుంచి కొంత ఫోము తీసేస్తే మూడు నాలుగు సెంటీమీటర్ల చోటు దొరుకుతుంది. రోడ్డు మీద హెల్మెట్ లేకుండా నడుపుతారు కాబట్టి వెనుక నుంచి ఎవరైనా గుద్దితే తల ఆ ఇనుప గొట్టానికే తగిలే ప్రమాదం ఉంది. అందుచేత ఎస్‌ఎఫ్‌ఐ 45.1 (రేసింగు భద్రతా ప్రమాణం) గుర్తున్న గట్టి ప్యాడింగు చుట్టాలి, మెత్తగా నలిగే మామూలు స్పాంజి సరిపోదు.

ఇంజను బలం గురించి క్లుప్తంగా చెబుతాను. 116 హార్స్‌పవరున్న 1.6 ఇంజనుకు కొత్త ఎగ్జాస్టు, ఇంటేకు వేస్తే శబ్దం పెరిగినంతగా వేగం పెరగదు. బానెట్ కింద బయటపెట్టిన ఫిల్టరు వేడి గాలినే పీలుస్తుంది. టర్బో బాగా సరదాగానే ఉంటుంది గానీ క్లచ్చు, రేడియేటరు, ఇంధన వ్యవస్థ అన్నీ దాని వెంట మారాలి, కారు విభాగం కూడా మారిపోతుంది. ఒక సీజనంతా ఉన్న బలంతోనే నడిపి, మీ పరుగుల మధ్య తేడా అర సెకను లోపుకు వచ్చాక దాని సంగతి ఆలోచించవచ్చు.

పోటీ రోజున ట్రంకులోని స్పేరు చక్రం, జాకీ, కాళ్ల కింద పరిచే మ్యాట్లు, దొర్లే వస్తువులు అన్నీ తీసేయండి. టైరు ట్రెడ్డూ పక్క గోడా కలిసే అంచు మీద, చాలా టైర్లకు అక్కడ చిన్న త్రికోణం గుర్తు ఉంటుంది, సుద్దముక్కతో అడ్డంగా మూడు చోట్ల గీయండి. పరుగు ముగిశాక సుద్ద ఆ త్రికోణం కొన దాకా చెరిగి ఉంటే గాలి సరిగా ఉంది. అంతకు కిందకు, పక్క గోడ మీద కూడా చెరిగితే రెండు పీఎస్‌ఐ పెంచాలి, త్రికోణం దాకా రాకపోతే తగ్గించాలి. 30 పీఎస్‌ఐ దగ్గర మొదలుపెట్టి ఒక పరుగుకు ఒక్క మార్పే చేయండి, మార్చినదాన్నీ వచ్చిన సమయాన్నీ, పడిన కోన్లనూ ఒక కాగితం మీద రాసుకోండి. గాలి మార్చి, షాకు గట్టితనాన్ని సర్దే గుండీ తిప్పి, కోన్ల మధ్య కారు నడిపే మార్గాన్నీ మార్చి అర సెకను తగ్గించినా, ఆ అర సెకను దేనివల్ల తగ్గిందో చెప్పలేరు. కోను పడితే ఎస్‌సీసీఏ సోలోలో 2 సెకన్లు కలుపుతారు, అంటే ఒక్క కోను మీరు కొన్న షాకుల లాభమంతా మింగేస్తుంది.

ఇంటికి బయలుదేరే ముందు టైర్లలో గాలిని రోడ్డుకు తగిన స్థాయికి పెట్టి, టార్క్ రెంచితో చక్రాల నట్లను 88 నుంచి 118 న్యూటన్‌మీటర్ల మధ్య, ఎదురెదురు నట్ల వరుసలో సరిచూడండి. ఆ రోజే రిమ్ములు మార్చి ఉంటే మరో 80 కిలోమీటర్లు నడిచాక ఇంకోసారి చూడాలి. కొత్తగా పెయింటు పూసిన రిమ్ము అయితే ఆ రెండోసారి నట్టు పావు చుట్టు దాకా తిరగడం నేను చూశాను.