అద్దాల అరలో పాత వస్తువులు – 4వ పాఠం: జిగురు లేకుండా నిలబెట్టడం

ఇప్పటిదాకా వస్తువుల్ని శుభ్రం చేసుకోవడం, ఒక్కోదానికి నంబరేసి పుస్తకంలో రాసుకోవడం, అరకి ఏ చెక్క వాడాలి ఏది వాడకూడదు అన్నవి చూశాం. ఈ పాఠం నుంచి అసలు పని మొదలవుతుంది, అంటే అడకత్తెర, సున్నపుకాయ, కుంకుమ భరిణ, పాత రూపాయలు, మువ్వలు లాంటి చిన్న చిన్నవి అరలో పడిపోకుండా, జరగకుండా, గీతలు పడకుండా ఎలా కూర్చోబెట్టాలి అని.

ఒక్క నియమం గుర్తుపెట్టుకోండి చాలు, మిగతావన్నీ దాంట్లోంచే వస్తాయి. ఈరోజు పెట్టిన వస్తువుని రేపు ఎవరైనా తీస్తే దాని మీద మనం పెట్టిన గుర్తు ఒక్కటి కూడా ఉండకూడదు. అందుకే జిగురు వద్దు. ఫెవిక్విక్ తో అంటించిన ఇత్తడి బొమ్మని తర్వాత పీకితే దాని మీద ఏళ్ళ తరబడి పట్టిన రంగు కూడా జిగురుతో పాటే ఊడొస్తుంది, అది మళ్ళీ రాదు. డబుల్ టేపు మన ఎండలకి ఎండిపోయి ఏదో ఒకరోజు వదిలేస్తుంది, వస్తువు వెళ్ళి కింద అర మీద పడుతుంది. ఎం-సీల్ గురించి చెప్పక్కర్లేదు, అది రాయైపోతుంది.

సిలికాన్ పేస్టు సంగతి కాస్త విడిగా చెప్పాలి. హార్డ్‌వేర్ షాపులో దొరికే మామూలు సిలికాన్ ఆరేటప్పుడు వెనిగర్ వాసన వస్తుంది చూడండి, అది ఎసిటిక్ ఆసిడ్. మూసిన అరలో ఆ ఆవిరి ఎక్కడికీ పోదు. సీసంతో చేసిన వస్తువు దాంట్లో ఉంటే పైన తెల్లటి పొడి మొదలవుతుంది, అలాగే వదిలేస్తే లోపలిదాకా తినేస్తుంది. శాతవాహనుల నాణేల్లో చాలావరకు సీసంవి, పోటిన్‌వి (రాగి, తగరం, సీసం కలిపిన లోహం), కాబట్టి అవి ఉన్నవాళ్ళు మరీ జాగ్రత్తగా ఉండాలి. (మధ్యలో ఒక మాట, పొలంలోనో పునాది తవ్వుతుంటేనో ఇలాంటివి దొరికితే ఇంటికి తెచ్చుకోకండి, 1878 నాటి చట్టం ప్రకారం భూమిలో దొరికిన నిధి విలువ పది రూపాయలు దాటితే కలెక్టర్‌కి చెప్పాల్సిందే. ఈ పాఠాలు మన ఇంట్లో వాడినవి, సక్రమంగా కొన్నవి దాచుకునేవాళ్ళ కోసం.)

బ్రిటిష్ మ్యూజియంలో ఆండ్రూ ఆడీ అనే ఆయన 1973లో దీనికో పరీక్ష పెట్టాడు, అరలో వాడాలనుకున్న గుడ్డ, చెక్క, జిగురు ఏదైనా సరే దాని ముక్కని వెండి, రాగి, సీసం రేకులతో పాటు కొంచెం తడి ఉండేలా సీసాలో మూసి 60 డిగ్రీల దగ్గర 28 రోజులు ఉంచుతారు, రేకులు మసకబారాయా లేదా చూస్తారు. మ్యూజియంలు ఇప్పటికీ ఇదే పద్ధతి నమ్ముతాయి. మనం ఇంట్లో అంత చేయలేం కానీ, దాని వెనకున్న ఆలోచన మాత్రం వదలొద్దు, లోపల పెట్టే ప్రతిదీ వస్తువుకి హాని చేస్తుందేమో అని ముందు అనుమానించాలి.

సరే, ఇత్తడి తీగ. మీకు కావాల్సింది 14 గేజు తీగ, అంటే సుమారు 2 మిల్లీమీటర్లు, ఇంకా 16 గేజుది కొంచెం. గుండ్రటి ముక్కు ప్లయర్స్ ఒకటి, చిన్న ఆకురాయి ఒకటి, 10 మిల్లీమీటర్ల మందం ఆక్రిలిక్ ముక్క (సైన్‌బోర్డులు చేసేవాళ్ళ దగ్గర మిగులు ముక్కలు దొరుకుతాయి), డ్రిల్లు. తీగ గట్టిగా ఉండి వంగకపోతే గ్యాస్ టార్చ్ మీద మసక ఎరుపు వచ్చేదాకా కాల్చి చల్లారనివ్వండి, మెత్తబడుతుంది. మళ్ళీ వంచేకొద్దీ గట్టిపడుతుంది, అది మనకి మంచిదే, చివరికి పట్టు బిగువుగా ఉంటుంది.

అడకత్తెర తీసుకుందాం, ఎందుకంటే అది నిలబెట్టగలిగితే మిగతావి తేలిక. పైన నోరు, కింద రెండు కాళ్ళు ఉండేలా పెడదాం. బరువంతా కాళ్ళ చివర్ల మీద పడాలి, కాబట్టి కింద రెండు చోట్ల తీగని చిన్న దోసిలిలా వంచి ఒక్కో కాలిని దాంట్లో కూర్చోబెట్టాలి, ఇవి కాళ్ళు పక్కకి విచ్చుకోకుండా కూడా ఆపుతాయి. మూడో తీగ వెనక నుంచి నిలువుగా పైకొచ్చి రివిట్టు దగ్గర మెడకి ఒక కొక్కెంలా ముందుకి తిరగాలి. ఈ మూడోది బరువు మోయదు, ముందుకి పడకుండా ఆపుతుంది అంతే. చాలామంది ఇక్కడే తలకిందులుగా చేస్తారు, పైన మెడని గట్టిగా బిగించేసి కింద వదిలేస్తారు, అప్పుడు బరువంతా ఆ సన్నటి రివిట్టు మీద వేలాడుతుంది. పాత రివిట్టు అది, ఎప్పుడు వదులవుతుందో చెప్పలేం. వస్తువు కొంచెం వెనక్కి వాలి ఉంటే ఇంకా మంచిది, బరువు దానంతట అదే తీగల మీదికి వస్తుంది.

తీగని వస్తువు మీదే పెట్టి వంచకండి, ఎంత జాగ్రత్తగా ఉన్నా ప్లయర్స్ జారితే గీత పడుతుంది. ముందు అట్ట మీద వస్తువుని పడుకోబెట్టి పెన్సిల్‌తో చుట్టూ గీయండి, పెన్సిల్ తగలకుండా కొంచెం ఎడంగానే గీయండి పర్లేదు, ఆ గీత చూసుకుంటూ వంచి, చివర్లో ఒక్కసారి వస్తువు మీద ఆనించి చూసి, తీసేసి సరిచేసి, మళ్ళీ ఆనించి చూడండి. ఇలా ఓపిగ్గా చేయాల్సిందే, దీనికి అడ్డదారి లేదు. తీగ చివర్లు ఆకురాయితో గుండ్రంగా రాయండి, పెదవి మీద రాసుకుంటే గుచ్చుకోకూడదు, అంత నున్నగా రావాలి.

మూడు తీగల్ని వెండి టంకంతో ఒకటిగా అతకొచ్చు, దగ్గర్లో కంసాలి గారుంటే చేసిపెడతారు, కాకపోతే అతికాక వేడినీళ్ళతో బాగా కడగాలి, టంకానికి వాడిన మందు మిగిలితే తర్వాత తీగనీ వస్తువునీ రెండిటినీ పాడుచేస్తుంది. అతకడం కుదరకపోతే ఆక్రిలిక్ ముక్కలో మూడు చోట్ల చిల్లులు పెట్టి మూడిటినీ విడివిడిగా బిగువుగా దూర్చేయండి, ఇంట్లో చేసుకునేవాళ్ళకి నేను ఇదే చెప్తాను.

ఇప్పుడు తొడుగు. అడకత్తెర కోసే అంచు ఇనుము, మన తీగ ఇత్తడి, రెండు లోహాలు తాకుతూ ఉంటే తేమలో ఇనుము త్వరగా తుప్పుపడుతుంది. కాకినాడ, విశాఖ వైపు ఉన్నవాళ్ళకి ఇది చిన్న విషయం కాదు. అందుకని వస్తువుకి తాకే ప్రతి చోటా తీగకి హీట్ ష్రింక్ ట్యూబు (వేడి చేస్తే ముడుచుకుని బిగిసే ప్లాస్టిక్ గొట్టం) తొడగాలి, వస్తువు దగ్గర లేనప్పుడే వేడి చేసి బిగించుకోవాలి. పాలియోలెఫిన్ ట్యూబు అడిగి తీసుకోండి, పీవీసీది వద్దు. పీవీసీ మెల్లగా ఆసిడ్ వదుల్తుంది, చవక నాణేల ఆల్బమ్‌లలో రాగి నాణేలకి పచ్చటి జిగట పడుతుంది చూశారా, అది దీనివల్లే. అనుమానముంటే ఒక పరీక్ష ఉంది. రాగి తీగని మంటలో పెట్టి, మంటకి పచ్చరంగు రావడం ఆగేదాకా కాల్చి, వేడిగా ఉన్నప్పుడే ప్లాస్టిక్ ముక్కకి తాకించి మళ్ళీ మంటలో పెట్టండి, మంట పచ్చగా మారితే దాంట్లో క్లోరిన్ ఉన్నట్టు, పారేయండి. ఇది ఆరుబయటే చేయాలి, ఆ పొగ పీల్చకూడదు.

నాణేలకి ఇంత పని లేదు. పార్సిళ్ళలో వచ్చే తెల్లటి ఈపీఈ ఫోమ్ చాలు, సోఫాల్లో వాడే పసుపు ఫోమ్ మాత్రం ముట్టుకోవద్దు, అది కొన్నేళ్ళకి పొడై జిగటగా అంటుకుంటుంది. విక్టోరియా రాణి రూపాయి 11.66 గ్రాములుంటుంది, అడ్డం 30 మిల్లీమీటర్ల పైచిలుకు. ఫోమ్‌లో గుంత దానికంటే అర మిల్లీమీటరు తక్కువగా కోస్తే అంచుల్ని ఫోమే పట్టుకుంటుంది. పల్చటి షీట్‌లో పూర్తి చిల్లు కోసి, కింద ఇంకో షీట్ పెట్టుకుంటే లోతు సమానంగా వస్తుంది. పక్కన గోరు దూరేంత గాడి వదలండి, లేకపోతే తీసేటప్పుడు స్క్రూడ్రైవర్ వాడాలనిపిస్తుంది. పైన గుడ్డ వేయాలంటే రంగు లేని నూలు గుడ్డే, అదీ గంజి పోయేదాకా ఉతికింది. ఉన్ని, ఫెల్ట్ వేస్తే దాంట్లోని గంధకానికి వెండి నల్లబడుతుంది. 1943 నుంచి 1947 దాకా వచ్చిన చిల్లు పైసాని మేకుకి తగిలించాలని అందరికీ అనిపిస్తుంది, వద్దు, చిల్లు అంచు అరుగుతుంది, అదీ గుంతలోనే పెట్టండి.

సున్నపుకాయ, భరిణ లాంటి అడుగు చదునుగా ఉన్న లోహపు వస్తువులకి మైక్రోక్రిస్టలైన్ వ్యాక్స్ (కాస్త జిగటగా ఉండే మైనం) బఠాణీ గింజంత ముద్దలు మూడు అడుగున పెట్టి కొంచెం తిప్పుతూ నొక్కితే చాలు. మట్టి వస్తువులకి, చెక్క బొమ్మలకి ఇది వాడకూడదు, నూనె మరక దిగుతుంది. అర మీద నేరుగా ఎండ పడితే వ్యాక్స్ మెత్తబడుతుంది, అది కూడా చూసుకోండి.

అంతా అయ్యాక వెంటనే అరలో పెట్టేయకండి. మడిచిన దుప్పటి మీద స్టాండు పెట్టి, వస్తువు కూర్చోబెట్టి, పక్కన అరచేత్తో మెల్లగా తట్టండి. తీగ వణికి ఆగిపోతే సరే, వస్తువు తీగలో కదిలి శబ్దం చేస్తే పట్టు వదులుగా ఉందని అర్థం. తర్వాత ఆ గదిలో ఫ్యాను ఫుల్లులో వేసి, తలుపు ఒకసారి గట్టిగా వేసి చూడండి. ఒక వారం బయటే ఉంచి, మొదటిరోజు ఫోటోతో పోల్చి ఏమైనా జరిగిందా చూసుకున్నాకే లోపల పెట్టండి.

వచ్చే పాఠంలో అరలో తేమ, సిలికా జెల్ గురించి. ఆలోపు మీ దగ్గరున్న వాటిలో ఒక్కదానికి అట్ట మీద గీత గీసి, బరువు ఎక్కడ పడాలో రెండు చుక్కలు, ఎక్కడ ఆపాలో ఒక చుక్క పెట్టి ఉంచండి, తీగ కొనడానికి ఆ అట్ట తీసుకుని వెళ్ళండి.