పాత ల్యాప్‌టాప్ ఇంకొకరికి ఇచ్చేముందు విండోస్ మళ్లీ వేస్తుంటే ఎక్కడ ఆగుతుంది, ఎందుకు ఆగుతుంది, ఏం చేయాలి

“మావయ్యా, ఆన్ చేస్తే నీలం స్క్రీన్ వచ్చి 48 అంకెలేవో కొట్టమంటోంది!”

మా మేనల్లుడు ఈ ఫోన్ చేసేసరికి ఆ ల్యాప్‌టాప్ నా చేయి దాటి వారమైంది. విండోస్ కొత్తగా వేశాను, డెస్క్‌టాప్ వచ్చేదాకా కూర్చున్నాను, శుభ్రంగా తుడిచి బ్యాగులో పెట్టి ఇచ్చాను. పని అయిపోయిందనుకున్నాను. నా బల్ల మీద డెస్క్‌టాప్ కనిపిస్తే సరిపోదనీ, నేను పక్కన లేకపోయినా వాడు దాన్ని వాడుకోగలగాలనీ అప్పుడు తెలిసింది.

ఆ 48 అంకెల సంగతి కింద ఉంది. ఈ పనిలో ఎదురయ్యే చిక్కుల్ని దాదాపు అవి వచ్చే వరుసలోనే రాస్తున్నాను. మీది ఎక్కడ ఆగిందో చూసుకుని అక్కడి నుంచి చదువుకోవచ్చు. మొదలుపెట్టకముందే చూస్తున్నారా, అయితే ఇంకా మంచిది. ఫైళ్లు వేరే డిస్క్‌లోకి తీసుకోండి. డాక్యుమెంట్స్ ఫోల్డర్ అందరికీ గుర్తుంటుంది, డౌన్‌లోడ్స్‌నీ బ్రౌజర్‌లో దాచిన పాస్‌వర్డ్‌లనీ మర్చిపోతారు. సెట్టింగ్స్‌లో యాక్టివేషన్ పేజీ తెరిచి, విండోస్ ఏ ఎడిషనో (హోమా, ప్రోనా) ఫోన్‌తో ఫొటో తీసుకోండి. ఆ మోడల్ వైఫై డ్రైవర్‌ని, అంటే వైఫై చిప్‌ని విండోస్ నడపడానికి కావాల్సిన ప్రోగ్రామ్‌ని, తయారీ కంపెనీ సైట్ నుంచి దించి పెట్టుకోండి. ఛార్జర్ గుచ్చే ఉంచండి, పాత బ్యాటరీని నమ్మలేం.

రీసెట్ కొడితే కాసేపు తిరిగి “మార్పులేమీ చేయలేదు” అంటోంది

పెన్‌డ్రైవ్ అవసరం లేకుండా సెట్టింగ్స్‌లోని ‘రీసెట్ దిస్ పీసీ’, అందులో ‘రిమూవ్ ఎవ్రీథింగ్’ నొక్కడం అన్నిటికన్నా సులువైన దారి. పాత మెషీన్లలో ఇది తరచూ సగంలో చేతులెత్తేస్తుంది. కొత్త విండోస్‌ని అది డిస్క్‌లో ఉన్న పాత విండోస్ ఫైళ్లతోనే కట్టుకుంటుంది కాబట్టి, ఆ ఫైళ్లే పాడైతే కట్టడానికి సరుకుండదు. ‘లోకల్ రీఇన్‌స్టాల్’ బదులు ‘క్లౌడ్ డౌన్‌లోడ్’ ఎంచుకోండి. సుమారు 4 జీబీ దించుకుని తాజా ఫైళ్లతో మొదలుపెడుతుంది. రికవరీ విభాగమే దొరకడం లేదంటే, అడ్మినిస్ట్రేటర్‌గా కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ‘రీఏజెంట్‌సీ’ కమాండ్‌కి స్లాష్, ఎనేబుల్ కలిపి (reagentc /enable) కొడితే కొన్నిసార్లు తిరిగొస్తుంది. రెండుసార్లు విఫలమైతే మూడోసారి ప్రయత్నించకండి. నేనైతే అక్కడితో వదిలేసి పెన్‌డ్రైవ్ తీస్తాను.

పెన్‌డ్రైవ్ పెట్టినా పాత విండోసే వస్తోంది

దీనికి మూడు కారణాలుంటాయి. చాలామంది ముందుగా మూడోదాన్నే అనుమానిస్తారు.

ఒకటి, పెన్‌డ్రైవ్ సరిగ్గా తయారుకాలేదు. దించుకున్న ఐఎస్‌ఓ ఫైల్‌ని (విండోస్ మొత్తం ఉండే ఒకే ఫైల్) మామూలు సినిమా ఫైల్‌లా కాపీ చేసి పడేస్తే అది బూట్ కాదు, అంటే ల్యాప్‌టాప్ దాన్నుంచి మొదలవదు. మైక్రోసాఫ్ట్ మీడియా క్రియేషన్ టూల్‌తోనో, రూఫస్ అనే ఉచిత ప్రోగ్రామ్‌తోనో తయారు చేయాలి. కనీసం 8 జీబీ పెన్‌డ్రైవ్ కావాలి, అందులో ఉన్నదంతా పోతుంది.

రెండు, దేన్నుంచి మొదలవ్వాలో ఎంచుకునే బూట్ మెనూ తెరుచుకోవడం లేదు. ఆన్ చేసిన వెంటనే డెల్, లెనోవోల్లో ఎఫ్12, హెచ్‌పీలో ఎఫ్9, ఆసుస్‌లో ఎస్కేప్ కీని టకటకా నొక్కుతూ ఉండాలి. ఏసర్‌లోనూ ఎఫ్12 అయినా, చాలా మోడళ్లలో ముందు బయోస్‌లోకి (విండోస్ కంటే ముందు నడిచే, ల్యాప్‌టాప్ సొంత సెట్టింగులు) వెళ్లి ఆ మెనూని ఆన్ చేయాల్సి ఉంటుంది. కీ నొక్కే సమయం చిక్కడం లేదంటే ఇంకో దారి ఉంది. విండోస్ నడుస్తుండగానే షిఫ్ట్ కీ పట్టుకుని రీస్టార్ట్ నొక్కండి. నీలం రంగు మెనూలో ‘యూజ్ ఎ డివైస్’ ఎంచుకుంటే పెన్‌డ్రైవ్ అక్కడే కనిపిస్తుంది. ఈ వేళ్ల విన్యాసమంతా తప్పించుకోవచ్చు. బాగా పాత మెషీన్లలో ఆ ఎంపిక ఉండదు.

మూడు, ల్యాప్‌టాప్ ఎలా బూట్ కావాలో చెప్పే సెక్యూర్ బూట్, లెగసీ (పాత పద్ధతి), యూఈఎఫ్‌ఐ (కొత్త పద్ధతి) సెట్టింగుల గొడవ. పెన్‌డ్రైవ్‌ని ఏ పద్ధతికి తయారు చేశారో బయోస్ కూడా ఆ పద్ధతిలోనే ఉండాలి. సుమారు 2013 తర్వాత వచ్చిన ల్యాప్‌టాప్ అయితే రెండు చోట్లా యూఈఎఫ్‌ఐ పెట్టండి.

బయోస్‌లోకి వెళ్లినప్పుడే, మీరెప్పుడో పెట్టుకున్న బయోస్ పాస్‌వర్డ్ ఉంటే తీసేయండి. విండోస్ ఎన్నిసార్లు మళ్లీ వేసినా అది పోదు.

డిస్క్ చూపిస్తోంది గానీ అందులో వేయలేనంటోంది

‘ఎంబీఆర్’ అనో ‘జీపీటీ’ అనో ఒక వాక్యం చూపించి, ఈ డిస్క్‌లో విండోస్ వేయడం కుదరదని ఆగిపోతుంది. డిస్క్‌లో అసలు లోపమేమీ లేదు. పాత విండోస్ దాన్ని ఒక పద్ధతిలో గీసుకుంది, మీరిప్పుడు ఇంకో పద్ధతిలో బూట్ అయ్యారు, అంతే. డిస్క్ మీద గీతలన్నీ చెరిపేస్తే సరిపోతుంది. అందులో మీకు కావాల్సినవి ఇంకేమీ లేవని మరొక్కసారి చూసుకున్నాకే ముందుకెళ్లండి.

అదే స్క్రీన్ మీద షిఫ్ట్, ఎఫ్10 కలిపి నొక్కితే నల్లని కమాండ్ కిటికీ తెరుచుకుంటుంది. అక్కడ ‘డిస్క్‌పార్ట్’ అని కొట్టాలి, తర్వాత ‘లిస్ట్ డిస్క్’. డిస్క్‌ల వరుస వస్తుంది. కంగారుపడకుండా ఆగాల్సిన చోటు ఇదే. ల్యాప్‌టాప్‌లో ఎస్‌ఎస్‌డీ, హార్డ్ డిస్క్ రెండూ ఉండొచ్చు, మీ పెన్‌డ్రైవ్ కూడా ఈ వరుసలోనే కూర్చుని ఉంటుంది. సైజు చూసి గుర్తుపట్టండి. 500 జీబీ అని కొన్న డిస్క్ ఇక్కడ 465 జీబీగా కనిపిస్తుంది, మిగతాది ఎవరూ తినేయలేదు, లెక్కించే పద్ధతి తేడా. సరైనది 0 నంబర్ అయితే ‘సెలెక్ట్ డిస్క్ 0’, ఆ తర్వాత ‘క్లీన్’. యూఈఎఫ్‌ఐలో ఉంటే ‘కన్వర్ట్ జీపీటీ’ కూడా కొట్టండి. కిటికీ మూసి రిఫ్రెష్ చేస్తే డిస్క్ మొత్తం ఖాళీ జాగాగా కనిపిస్తుంది. దాన్నే ఎంచుకుని ముందుకెళ్లండి, భాగాలు విండోసే చేసుకుంటుంది.

డిస్క్ అసలు కనిపించకపోతే అది వేరే జబ్బు. బయోస్‌లో కూడా కనిపించకపోతే డిస్క్ పోయినట్టో, కనెక్టర్ వదులైనట్టో. బయోస్‌లో కనిపించి ఇక్కడ కనిపించకపోతే స్టోరేజ్ సెట్టింగ్ ‘రెయిడ్’లోనో, ‘ఇంటెల్ ఆర్‌ఎస్‌టీ’లోనో ఉండి ఉంటుంది. ‘ఏహెచ్‌సీఐ’కి మార్చండి. ఎలాగూ అంతా చెరిపేస్తున్నారు కాబట్టి పాత విండోస్ ఏమైపోతుందో అన్న టెన్షన్ అక్కర్లేదు.

సగంలో ఎర్రర్, లేదా గంటల తరబడి ఒకే శాతం దగ్గర

80070570 అన్న అంకెలు కనిపిస్తే ఫైళ్లు చదవడంలో ఏదో తేడా జరిగిందని అర్థం. పెన్‌డ్రైవ్ కావచ్చు, ర్యామ్ కావచ్చు, డిస్క్ కావచ్చు. నేను చౌకైన దాన్నే ముందు అనుమానిస్తాను: వేరే పెన్‌డ్రైవ్, వేరే యూఎస్‌బీ పోర్టు, మళ్లీ కొత్తగా దించిన ఫైల్. అయినా అదే వస్తే డిస్క్ ఆరోగ్యం చూడాలి. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే చిన్న ఉచిత ప్రోగ్రామ్ పసుపు రంగులో ‘కాషన్’ అని చూపిస్తే ఆ డిస్క్ మీద ఇంకేమీ వేయకండి. రెండు నెలల్లో అవతలివాళ్ల ఫైళ్లతో సహా పోయే వస్తువుని బహుమతిగా ఇచ్చినట్టవుతుంది. ఒక మామూలు ఎస్‌ఎస్‌డీ వేయండి. పాత డిస్క్ మీ దగ్గరే ఉండిపోతుంది కాబట్టి మీ డేటా గురించిన బెంగ కూడా తీరుతుంది.

రీస్టార్ట్ అయ్యాక కథ మళ్లీ మొదటికొచ్చి భాష ఎంచుకోమంటోందా? పెన్‌డ్రైవ్ నుంచే మళ్లీ బూట్ అవుతోంది. తీసేసి రీస్టార్ట్ చేయండి.

ఆ 48 అంకెలు

నేను చేసిన తప్పు చాలా చిన్నది. “అన్నీ పనిచేస్తున్నాయో లేదో చూద్దాం” అని కొత్త విండోస్‌లో నా మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయ్యాను. కొన్ని ల్యాప్‌టాప్‌లలో అలా లాగిన్ అవగానే డిస్క్‌కి తాళం చప్పుడు లేకుండా పడిపోతుంది, దాని తాళంచెవి ఆ అకౌంట్‌లో దాచబడుతుంది. వాడు తన అకౌంట్ చేర్చుకుని నాది తీసేశాడు. తాళంచెవి మాత్రం నా దగ్గరే ఉండిపోయింది. వారం తర్వాత ఏదో గేమ్ కోసం బయోస్‌లో సెక్యూర్ బూట్ మార్చాడు. మెషీన్‌ని ఎవరో కెలికారని, ఆ తాళం వేసే బిట్‌లాకర్‌కి అనుమానం వచ్చింది, తాళంచెవి అడిగింది.

నా అకౌంట్‌లోకి వెళ్లి చూస్తే మూడు మెషీన్ల రికవరీ కీలున్నాయి. ఏది కావాలో తెలుసుకోవడానికి, వాడి స్క్రీన్ మీద కనిపించే కీ ఐడీ మొదటి ఎనిమిది అక్షరాలు చదివించుకుని సరిపోల్చాను. ఆ తర్వాత ఆరేసి అంకెల చొప్పున ఎనిమిది గుంపులు ఫోన్‌లో చదివాను. “ఆరా, ఏడా మావయ్యా?” “ఏడు రా, ఏడు.” రెండుసార్లు తప్పి మూడోసారికి తెరుచుకుంది.

మీకు ఇదే స్క్రీన్ ఇన్‌స్టాల్‌కి ముందే ఎదురైతే, ఫైళ్లు కావాలంటే పాత యజమాని అకౌంట్‌లో ఆ కీ వెతకాల్సిందే, దొరకకపోతే ఆ ఫైళ్ల మీద ఆశ వదులుకోవాల్సిందే. ఫైళ్లు అక్కర్లేదంటే కీతో పనిలేదు, పైన చెప్పినట్టు పెన్‌డ్రైవ్‌తో బూట్ అయి డిస్క్ చెరిపేస్తే తాళం కూడా దాంతోనే పోతుంది. మ్యాక్ ఇస్తున్నవాళ్లకి ఇలాంటిదే యాక్టివేషన్ లాక్. చెరిపేముందు ‘ఫైండ్ మై’ ఆఫ్ చేసి ఐక్లౌడ్ నుంచి బయటికి రాకపోతే, కొత్త మనిషి మీ పాస్‌వర్డ్ కోసం మీ చుట్టూ తిరగాలి.

విండోస్ వచ్చింది, వైఫై రాలేదు

కొత్త విండోస్‌కి ఆ పాత వైఫై చిప్ డ్రైవర్ తెలియదు. ముందే దించి పెట్టుకుని ఉంటే పెన్‌డ్రైవ్‌లోంచి వేసేయండి. లేకపోతే ఆండ్రాయిడ్ ఫోన్‌ని కేబుల్‌తో గుచ్చి, ఫోన్ సెట్టింగ్స్‌లో యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేయండి. ల్యాప్‌టాప్ దాన్ని తీగ కనెక్షన్‌గా చూస్తుంది. విండోస్ అప్‌డేట్ నడిపితే మిగతా డ్రైవర్లు చాలావరకు తనే తెచ్చుకుంటుంది.

నెట్ వచ్చినా సైట్లు తెరుచుకోక, సర్టిఫికెట్ హెచ్చరికలు వస్తుంటే మూలన ఉన్న తేదీ చూడండి. ఏళ్ల వెనక్కి వెళ్లి ఉంటుంది. తేదీ సరిచేయండి. పవర్ పూర్తిగా పోయిన ప్రతిసారీ వెనక్కే పోతుంటే లోపలి కాయిన్ బ్యాటరీ అయిపోయినట్టు.

యాక్టివేట్ కావడం లేదు

చాలాసార్లు ఎడిషన్ తేడానే. హోమ్ లైసెన్సు ఉన్న మెషీన్‌లో ప్రో వేస్తే ఒప్పుకోదు. మొదట తీసిన ఫొటో ఇప్పుడు పనికొస్తుంది. విండోస్ 8 కాలం నుంచి ముందే విండోస్ వేసి అమ్మిన ల్యాప్‌టాప్‌లలో కీ మదర్‌బోర్డులోనే ఉంటుంది కాబట్టి, కీ అడిగినప్పుడు ‘నా దగ్గర కీ లేదు’ అని దాటేసి, సరైన ఎడిషన్ ఎంచుకుంటే చాలాసార్లు నెట్ తగలగానే అదే యాక్టివేట్ అవుతుంది. మదర్‌బోర్డు మార్చిన మెషీన్ అయితే ఆ లెక్క చెల్లదు.

అన్నీ అయ్యాయి, కానీ నత్తలా నడుస్తోంది

విండోస్ 10కే వెళ్దామంటే దానికి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11కి టీపీఎం 2.0 అనే భద్రతా చిప్, 4 జీబీ ర్యామ్, 64 జీబీ స్టోరేజ్ కావాలి, ఇంటెల్ అయితే దాదాపు ఎనిమిదో తరం ప్రాసెసర్ నుంచే. ఈ షరతుల్ని దాటవేసే చిట్కాలున్నాయి. సొంత మెషీన్‌లో ఏమైనా చేసుకోవచ్చు గానీ, కంప్యూటర్ గురించి తెలియని మనిషికి ఇచ్చేదాంట్లో అలాంటి అతుకులు వద్దంటాను. దానికి అప్‌డేట్లు వస్తాయన్న హామీ లేదు. వాళ్ల అవసరం బ్రౌజర్, వీడియోలు, ఉత్తరాలు రాసుకోవడం వరకే అయితే లినక్స్ మింట్ వేయండి. 2 జీబీ ర్యామ్‌తో నడుస్తుంది, 4 ఉంటే హాయి. వేసేముందు పెన్‌డ్రైవ్ నుంచే నడిపి వైఫై, సౌండ్ చూసుకోవచ్చు. కాకపోతే ఇచ్చే మనిషిని ముందు అడగండి. విండోస్‌లో మాత్రమే నడిచే ప్రోగ్రామ్ ఒక్కటున్నా అది తిరిగి మీ ఇంటికే వస్తుంది.

నా ఫైళ్లు నిజంగా పోయాయా?

మామూలు ఫార్మాట్‌తో, పైన చెప్పిన ‘క్లీన్’తో పోయేది విషయసూచిక మాత్రమే, పేజీలు అలాగే ఉంటాయి. హార్డ్ డిస్క్ అయితే డిస్క్‌పార్ట్‌లో ‘క్లీన్’ బదులు ‘క్లీన్ ఆల్’ కొట్టండి. ప్రతి చోటా సున్నాలు రాస్తుంది. 500 జీబీకి రెండు గంటల పైనే పట్టొచ్చు, ఆ కిటికీలో ఏ కదలికా కనిపించదు, ఆగిపోయిందని కట్టేయకండి. రీసెట్ దారిలో వెళ్తున్నవాళ్లు ‘క్లీన్ డేటా’ని ఆన్ చేస్తే చాలు. ఎస్‌ఎస్‌డీకి సున్నాలు రాసే పద్ధతి అంత నమ్మకమైంది కాదు. బయోస్‌లోనో, తయారీదారు టూల్‌లోనో ఉండే సెక్యూర్ ఎరేజ్ వాడండి.

మరి ఎక్కడ ఆపాలి

విండోస్ వేయడం పూర్తయ్యాక, దేశం, భాష అడిగే మొదటి స్క్రీన్ దగ్గర. అక్కడ కంట్రోల్, షిఫ్ట్, ఎఫ్3 కలిపి నొక్కితే మెషీన్ రీస్టార్ట్ అయి, ఎవరి అకౌంటూ అడగకుండా నేరుగా డెస్క్‌టాప్‌కి తీసుకెళ్తుంది. డ్రైవర్లు వేయండి, కెమెరా, స్పీకర్లు, కీబోర్డులో ప్రతి కీ చూసుకోండి. తెర మీదే ఉండే సిస్‌ప్రెప్ అన్న చిన్న కిటికీలో ‘ఊబీ’ (OOBE) అని పలికే మొదటి ఎంపిక, కింద ‘షట్‌డౌన్’ పెట్టి ఓకే కొట్టండి. తర్వాత ఆన్ చేసినవాళ్లకి కొత్త మెషీన్ లాగే దేశం, భాష అడుగుతుంది. మీ అకౌంట్ దాన్ని ఎప్పుడూ తాకనే లేదు.

ఇంటికెళ్లాక మైక్రోసాఫ్ట్ సైట్‌లో మీ డివైసుల జాబితాలోంచి ఆ పాత పేరు తీసేయండి. అంతకంటే ముందు, ఛార్జర్ బ్యాగులో పెట్టారో లేదో చూడండి. రెండోసారి మా మేనల్లుడు ఫోన్ చేసింది అందుకే.