వానల డ్రాగన్ కథల పూట: ఇరవై మంది పిల్లలకు, ముప్పావు గంటకు

డ్రాగన్ అనగానే పిల్లలకు గుర్తొచ్చేది నోట్లోంచి మంట. అది యూరప్ డ్రాగన్. దానికి రెక్కలుంటాయి, గుహలో బంగారానికి కాపలా కాస్తుంది, చివరికి ఎవరో వీరుడి కత్తికి చస్తుంది. చైనా డ్రాగన్ వేరు. పాములా పొడుగు, రెక్కల్లేకుండానే మబ్బుల్లో ఎగురుతుంది, వానలూ నదులూ దాని చేతిలో ఉంటాయి. వానలు పడని కాలంలో అక్కడ మట్టితో డ్రాగన్‌ను చేసి మొక్కేవాళ్ళు. పాలమూరు, నల్లగొండ పిల్లలకైతే ఈ రెండోదే చెప్పండి. వానల కోసం కప్పతల్లి ఆడే ఊళ్ళలో వాన తెచ్చే డ్రాగన్‌ను విడమరిచి చెప్పే పనే ఉండదు.

అయిదు నుంచి ఎనిమిదేళ్ళ పిల్లలు పదిహేను, ఇరవై మంది ఉంటే బాగుంటుంది. అంగన్‌వాడీ వయసు వాళ్ళయితే చివర్లో వచ్చే కాగితప్పని తీసేసి ఇరవై అయిదు నిమిషాల్లో ముగించండి. చెట్టు కింద చూడ్డానికి బాగుంటుంది గానీ గొంతు గాలికి పోతుంది, రోడ్డు మీద ట్రాక్టర్ పోతే పిల్లల తలలన్నీ అటే. బడి వరండాయే మేలు. వెలుతురు మీ వెనకనుంచి రాకూడదు, వస్తే మీ మొహమూ బొమ్మలూ నల్లగా కనిపిస్తాయి.

మొదట ఉడుముతో మొదలుపెట్టండి. దాన్ని చూసిన పిల్లలు ఒకరిద్దరు ఉండనే ఉంటారు, వాళ్ళనే చెప్పనివ్వండి. తర్వాత నేల మీద మూడు మీటర్ల తాడు పరచండి. ఇండోనేషియాలోని కొమోడో డ్రాగన్ అంత పొడుగు పెరుగుతుంది, అది మన ఉడుము జాతిదే. తాడు పక్కన పిల్లల్ని వరసగా పడుకోబెడితే ఇద్దరు ముగ్గురు పడతారు. ఆ లెక్క వాళ్ళకు గుర్తుండిపోతుంది. "నిజంగ డ్రాగన్ ఉంటదా?" అని తప్పకుండా అడుగుతారు. మంట కక్కేదీ వాన తెచ్చేదీ కథల్లోనే, ఉడుము మాత్రం నిజం అని సూటిగా చెప్పండి. ఉడుమును పట్టడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరమని కూడా ఇక్కడే చెప్పేయండి, లేకపోతే మర్నాడే ఎవరో వెతకడానికి బయల్దేరతారు.

కథ పది పన్నెండు నిమిషాలు దాటొద్దు. చెరువు ఎండిపోయింది, డ్రాగన్ మబ్బులో పడుకుంది. కొంగ పోయి లేపింది, లేవలేదు. బర్రె పోయి లేపింది, లేవలేదు. ఆఖరికి బురదలో మిగిలిన చిన్న కప్ప లేపింది. ప్రతిసారీ అందరూ కలిసి "లే లే డ్రాగన్ మామా, చెరువుల నీళ్ళు లేవు మామా" అనాలి. ఒక్కో జంతువు గొంతు ఒక్కో వరస పిల్లలకు అప్పగించండి. డ్రాగన్ లేచాక వాన కురిపించేది పిల్లలే. అరచేతి మీద ఒక వేలితో తట్టాలి, తర్వాత రెండు, మూడు, అయిదు వేళ్ళు, చివరికి రెండు చేతులతో తొడల మీద. ఆగేటప్పుడు అదే క్రమం వెనక్కి. ఈ దిగడం మరిచిపోతే గోల ఆగదు. చెరువు నిండి అలుగు దుంకగానే కథ ఆపేయండి. "ఈ కథలో నీతి ఏంటిది?" అని అడగొద్దు, అప్పటిదాకా కురిసిన వానంతా పాఠమైపోతుంది.

తర్వాత డ్రాగన్ ఊరేగింపు. పాత నూలు చీర అయిదున్నర మీటర్లుంటుంది, దాని కింద ఎనిమిది మందే పడతారు. ఇరవై మందిని ఒకేసారి దూర్చితే నడిమధ్య వాళ్ళు కిందపడతారు, అందుకే మూడు విడతలు. తలకు అట్టపెట్టె, కళ్ళకు కోడిగుడ్ల అట్టలోంచి కోసిన రెండు గుంటలు. ఆ కళ్ళు పిల్లవాడి కళ్ళకు పైన ఉంటాయి కాబట్టి లోపలివాడికి ఏమీ కనపడదు. డ్రాగన్ నోరున్న చోట జానెడు వెడల్పు కిటికీ కోయండి. చీర అంచులు మోకాలి దాకా ముడిచి పిన్నీసులతో కుట్టండి, కాళ్ళకు తగిలేది అంచులే. తలను ముందే ఖాళీగా చూపించి, లోపల చెయ్యి పెట్టనిచ్చి, వాళ్ళ ముందే తొడగాలి. తలుపు చాటునుంచి ఒక్కసారిగా వస్తే చిన్నోళ్ళు ఏడుస్తారు, ఒకరు ఏడిస్తే నలుగురు.

చివర్లో ఊదే డ్రాగన్. మనది వానల డ్రాగనే అయినా పిల్లలకు మంట కావాల్సిందే. పెద్ద సైజు పేపర్ గ్లాసు అడుగు మీరే ముందుగా కోసి ఉంచండి. సెంటీమీటరు వెడల్పు, జానెడు పొడవున్న ఎర్ర, పసుపు క్రేప్ కాగితం ముక్కలు ఎనిమిది, వెడల్పు మూతి లోపలి అంచుకు సెల్లోటేపుతో అంటించాలి. అడుగు వైపునుంచి ఊదితే మంట లేస్తుంది. గ్లాసు లోపల ప్లాస్టిక్ పూత ఉంటుంది కాబట్టి ఫెవికాల్ పట్టదు. గ్లేజు కాగితం బిరుసు, ఊదినా కదలదు. మూడుసార్లు ఊదగానే ఆపమనండి, ఎక్కువ ఊదితే తల తిరుగుతుంది.

తినడానికి డ్రాగన్ ఫ్రూట్ పెడితే పేరు కలుస్తుంది. రెండు పెద్ద పండ్లు ఇరవై మందికి చాలు. తెల్ల గుజ్జు రకమే కొనండి. ఎర్ర గుజ్జు యూనిఫాం మీద పడితే మరక పోదు, మర్నాడు మూత్రం ఎర్రగా వచ్చిందని తల్లులు కంగారుపడతారు.