మైన్‌క్రాఫ్ట్‌కి ర్యామ్ ఎంత ఇవ్వాలి? అంకె మార్చే ముందు ఎర్రర్ చదవండి

మైన్‌క్రాఫ్ట్ ఆగిపోగానే చాలామంది చేసే మొదటి పని, జావాకి (గేమ్‌ని నడిపే సాఫ్ట్‌వేర్ అది) ఇచ్చిన ర్యామ్‌ని రెట్టింపు చేయడం. ఎనిమిది జీబీ ల్యాప్‌టాప్‌లో ఆరు జీబీ గేమ్‌కే రాసిచ్చేసి, ఇప్పుడు అసలు తెరుచుకోవడమే లేదేంటని తల పట్టుకోవడం రెండో పని. మెమరీ ఎర్రర్లన్నీ ఒకటి కావు. కొన్నింటికి అంకె పెంచాలి, కొన్నింటికి తగ్గించాలి, కొన్నింటికి ఆ అంకెతో సంబంధమే లేదు. ఇక్కడ చెప్పేదంతా విండోస్‌లో నడిచే జావా ఎడిషన్ గురించి. ఫోన్లలో, కన్సోళ్లలో నడిచే ఇంకో ఎడిషన్ బెడ్‌రాక్‌లో జావా ఉండదు కాబట్టి ఈ సెట్టింగే లేదు.

ముందు ఎఫ్3 నొక్కండి

వరల్డ్‌లోకి వెళ్లి ఎఫ్3 కొడితే కుడివైపు 'మెమ్' అనే వరుస కనిపిస్తుంది. ఉదాహరణకి: 91%, 1884/2048 ఎంబీ. అంటే జావాకి 2 జీబీ హద్దు పెట్టారు, అందులో 1884 ఎంబీ నిండింది. ఒక్క క్షణం చూసి కంగారు పడొద్దు. రెండు నిమిషాలు చూస్తూ ఉండండి. అంకె మెల్లగా ఎక్కి, టక్కున పడి, మళ్లీ ఎక్కుతుంది. అది మామూలే.

పెళ్లి భోజనాలు గుర్తు తెచ్చుకోండి. ఒక బంతి లేచాక విస్తళ్లు ఎత్తేసి, తుడిచి, ఇంకో బంతిని కూర్చోబెడతారు. జావా చేసేదీ అదే, దానికి గార్బేజ్ కలెక్షన్ అని పేరు. హాలు మరీ చిన్నదైతే నిమిషానికోసారి విస్తళ్లు ఎత్తుతూనే ఉండాలి. మరీ పెద్దదైతే ఎత్తడం అరుదే కానీ, మొత్తం ఒకేసారి ఎత్తాల్సి వచ్చినప్పుడు అందరూ నిలబడిపోతారు. గేమ్ అర సెకను బిగుసుకుపోయేది అప్పుడే. పదహారు జీబీలో పన్నెండు ఇస్తే గేమ్ స్మూత్‌గా నడుస్తుందనుకోవడం అందుకే పొరపాటు.

కాబట్టి చూడాల్సింది ఎక్కడిదాకా ఎక్కిందో కాదు, పడ్డాక ఎక్కడ ఆగిందో. పడ్డాక 35, 40 శాతం దగ్గర ఆగితే మెమరీ సరిపోతోంది. గేమ్ నత్తనడక నడవడానికి కారణం ప్రాసెసరో, గ్రాఫిక్సో అయి ఉంటుంది. పడ్డాక కూడా 85 దాటే ఉంటే నిజంగానే చోటు చాలడం లేదు.

అంకె ఎక్కడ మార్చాలి

అఫీషియల్ లాంచర్‌లో ఇన్‌స్టలేషన్స్ ట్యాబ్ తెరిచి, మీరు ఆడే వెర్షన్ పక్కన ఉన్న మూడు చుక్కలు నొక్కి ఎడిట్‌కి వెళ్లండి. కింద మోర్ ఆప్షన్స్, అందులో జేవీఎం ఆర్గ్యుమెంట్స్. ఆ పొడుగాటి వరుస మొదట్లోనే ఎక్స్ఎంఎక్స్2జి లాంటిది ఉంటుంది, మెమరీ హద్దు అదే. అందులో అంకె ఒక్కటే మార్చాలి, మిగతా వరుస జోలికి వెళ్లొద్దు. రాసే పద్ధతి ఇదీ: హైఫన్, పెద్ద ఎక్స్, చిన్న ఎం, చిన్న ఎక్స్, వెంటనే అంకె, చివర ఒక్క జి. మధ్యలో ఎక్కడా స్పేస్ ఉండకూడదు. 4జి బదులు 4జీబీ అని బి అక్షరం కలిపితే 'ఇన్‌వ్యాలిడ్ మాగ్జిమమ్ హీప్ సైజ్' అంటుంది. జి మర్చిపోయి ఉత్త 4 రాస్తే నాలుగు బైట్లు అనుకుని 'టూ స్మాల్' అంటుంది. ఒకటిన్నర జీబీ కావాలంటే 1.5 పనికిరాదు, 1536 పక్కన ఎం పెట్టాలి. ఎక్స్ఎంఎస్ అని ఇంకోటి ఉంటే అది మొదట్లోనే తీసుకునే మొత్తం. అది ఎక్స్ఎంఎక్స్ కంటే పెద్దదైతే గేమ్ మొదలే కాదు.

కర్స్‌ఫోర్జ్, ప్రిజమ్ లాంటి లాంచర్లు వాడితే మార్పు వాటి జావా సెట్టింగ్స్‌లోనే చేయాలి. అఫీషియల్ లాంచర్‌లో మార్చి, ఆట ఇంకో లాంచర్ నుంచి తెరిచి, "ఏమీ మారలేదు" అనేవాళ్లు బోలెడు మంది. మార్చాక ఎఫ్3లో రెండో అంకె మారిందో లేదో చూసుకోండి. 4జి పెడితే 4096 కనిపించాలి.

ఎంత పెట్టాలంటే, ఎనిమిది జీబీ మెషిన్‌లో మోడ్లు (గేమ్‌కి బయటివాళ్లు చేసిన చేర్పులు) లేని గేమ్‌కి 3, మహా అయితే 4. ఆ నాలుగు కూడా క్రోమ్ మూసేస్తేనే. విండోస్‌కి మూడు జీబీ పైనే కావాలి, బిల్టిన్ గ్రాఫిక్స్ అయితే అది కూడా అదే ర్యామ్‌లోంచి తింటుంది. పదహారు జీబీ ఉంటే ఉత్త గేమ్‌కి 4, పెద్ద మోడ్‌ప్యాక్‌కి 6 నుంచి 8. మెషిన్‌లో ఉన్నదాంట్లో సగం దాటించొద్దు.

ఏ ఎర్రర్‌కి ఏం చేయాలి

'అవుట్ ఆఫ్ మెమరీ ఎర్రర్: జావా హీప్ స్పేస్' వస్తే హీప్, అంటే గేమ్ డేటా కోసం జావాకి ఇచ్చిన చోటు, హద్దు దాకా నిండిపోయింది. ఒక్కో జీబీ చొప్పున పెంచండి. పెంచడానికి చోటు లేకపోతే రెండర్ డిస్టెన్స్ (చుట్టూ ఎంత దూరం కనిపించాలో చెప్పే సెట్టింగ్) తగ్గించండి. దాని లెక్క చూస్తే ఆశ్చర్యంగా ఉంటుంది: 8 పెడితే మీ చుట్టూ 17 బై 17, అంటే 289 చంక్‌లు (వరల్డ్‌ని కోసిన ముక్కలు). 16 పెడితే 1089. 32 పెడితే 4225. అంకె రెట్టింపు చేసిన ప్రతిసారీ మెమరీ మీద బరువు దాదాపు నాలుగింతలు. ఎనిమిది జీబీ ల్యాప్‌టాప్‌లో 10 దాటించకుండా ఆడితే సగం బాధలు ఉండవు. 'జీసీ ఓవర్‌హెడ్ లిమిట్ ఎక్సీడెడ్' అన్నదీ ఈ జాతిదే (జీసీ అంటే గార్బేజ్ కలెక్షనే): విస్తళ్లు ఎత్తడంతోనే సరిపోతోంది, వడ్డనకి టైమ్ దొరకడం లేదు.

'కుడ్ నాట్ రిజర్వ్ ఎనఫ్ స్పేస్' వస్తే ముందు జావా 32-బిట్టా అని చూడండి. కమాండ్ ప్రాంప్ట్‌లో జావా అని రాసి, స్పేస్ ఇచ్చి, హైఫన్ వెర్షన్ కొట్టండి. జవాబులో '64-బిట్' అన్న మాట లేకపోతే అది 32-బిట్. విండోస్‌లో దానికి ఒకటిన్నర జీబీకి మించి ఇవ్వడం కష్టం, మెషిన్‌లో ముప్పై రెండు జీబీ ఉన్నా అంతే. అఫీషియల్ లాంచర్ తన జావాని తానే తెచ్చుకుంటుంది కాబట్టి, జావా ఎగ్జిక్యూటబుల్ అన్న గడిలో ఎవరో పాత పాత్ పెట్టి ఉంటే చెరిపేస్తే చాలు. వేరే లాంచర్లకి 64-బిట్ జావా వేయండి. మైన్‌క్రాఫ్ట్ 1.16.5 వరకు జావా 8, 1.18 నుంచి 1.20.4 వరకు 17, 1.20.5 నుంచి 1.21 వెర్షన్ల దాకా 21.

అమీర్‌పేటలో జావా కోర్సు చేసిన అన్నయ్యో అక్కయ్యో వాడిన మెషిన్ అయితే ఇంకోటి చూడండి. ల్యాబ్ కోసం ఎప్పుడో పెట్టిన ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ (విండోస్‌లో అన్ని ప్రోగ్రాములూ చదివే సెట్టింగ్) అలాగే మిగిలిపోయి ఉండొచ్చు. గేమ్ లాగ్ ఫైల్ మొదట్లో 'పిక్డ్ అప్ అండర్‌స్కోర్ జావా అండర్‌స్కోర్ ఆప్షన్స్' అన్న వరుస, దాని పక్కన 512 లాంటి అంకె ఉంటే దొంగ దొరికినట్టే. లాంచర్‌లో మీరేం రాసినా దాని మాటే చెల్లుతుంది. స్టార్ట్‌లో 'ఎన్విరాన్‌మెంట్' అని వెతికి, ఆ వేరియబుల్ తీసేసి, లాంచర్ మూసి తెరవండి.

ఇక చాలామంది తిరగేసి చదివే ఎర్రర్: 'దేర్ ఈజ్ ఇన్‌సఫిషియెంట్ మెమరీ ఫర్ ద జావా రన్‌టైమ్', కిందే 'నేటివ్ మెమరీ అలొకేషన్ ఫెయిల్డ్'. మెమరీ చాలదంటోంది కదా అని అంకె పెంచితే ఇంకా త్వరగా పడిపోతుంది. ఇక్కడ చాలనిది జావాకి మీరిచ్చిన వాటా కాదు, మొత్తం విండోస్ దగ్గర ఉన్న మెమరీ. ఎక్స్ఎంఎక్స్ అనేది హీప్‌కి మాత్రమే హద్దు. గ్రాఫిక్స్ డ్రైవర్, థ్రెడ్లు, బఫర్లు దాని బయట ఇంకో జీబీ దాకా తీసుకుంటాయి. గేమ్ ఫోల్డర్‌లో హెచ్ఎస్ ఎర్ పిడ్ అన్న పేరుతో మొదలయ్యే ఫైల్ పడి ఉంటుంది, నోట్‌ప్యాడ్‌లో తెరిచి చివరిదాకా దిగండి. 'టోటల్ పేజ్‌ఫైల్' పక్కన 'అవైల్ పేజ్‌ఫైల్ సైజ్' కనిపిస్తుంది. అక్కడ పదో ఇరవయ్యో ఎంబీ మాత్రమే ఉంటే రోగం తెలిసిపోయింది.

మందు రెండు భాగాలు. ఎక్స్ఎంఎక్స్ ఒక జీబీ తగ్గించండి. తర్వాత విండోస్ కీ, ఆర్ కలిపి నొక్కి ఎస్‌వైఎస్‌డీఎం డాట్ సీపీఎల్ అని కొట్టి, అడ్వాన్స్‌డ్, పెర్ఫార్మెన్స్ సెట్టింగ్స్, మళ్లీ అడ్వాన్స్‌డ్, వర్చువల్ మెమరీ, చేంజ్. "ఎఫ్‌పీఎస్ పెరుగుతుంది" అనే వీడియో ఏదో చూసి పేజింగ్ ఫైల్ (ర్యామ్ చాలనప్పుడు విండోస్ డ్రైవ్‌లో వాడుకునే చోటు, పైన చూసిన పేజ్‌ఫైల్ ఇదే) ఆపేసి ఉంటే, సిస్టమ్ మేనేజ్డ్‌కి తెచ్చి రీస్టార్ట్ చేయండి. సి డ్రైవ్‌లో కనీసం పది పదిహేను జీబీ ఖాళీ ఉంచండి. డ్రైవ్ నిండిపోయి ఉంటే పేజింగ్ ఫైల్ పెరగడానికి చోటే ఉండదు.

రెండు గంటలయ్యాకే పడిపోతుంటే

మొదట్లో బాగుండి, ఎఫ్3లో పడ్డాక ఆగే అంకె గంట గంటకీ పైకి జరుగుతూ ఉంటే ఏదో మోడ్ పట్టుకున్న మెమరీని వదలడం లేదు. హద్దు పెంచితే క్రాష్ రెండు గంటలకి బదులు మూడు గంటలకి వస్తుంది, అంతే. స్పార్క్ అనే మోడ్ వేసి, స్లాష్ స్పార్క్‌సీ హీప్‌సమ్మరీ అని చాట్‌లో కొడితే ఏ రకం ఆబ్జెక్టులు ఎంత చోటు తింటున్నాయో చూపిస్తుంది. అదీ తేలకపోతే సగం మోడ్లు తీసి ఆడి చూడడమే. కానీ ముందు సేవ్స్ ఫోల్డర్‌ని ఇంకో చోటికి కాపీ చేసుకోండి. మోడ్ తీసేసిన వరల్డ్ తెరిస్తే ఆ మోడ్ పెట్టిన దిమ్మెలు, వస్తువులు పోతాయి, మళ్లీ వేసినా తిరిగి రావు.

ర్యామ్ కొనేటట్టయితే

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో కంప్యూటర్ షాపులుండే సీటీసీకి వెళ్లే ముందు టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్, మెమరీ తెరిచి ఒక ఫోటో తీసుకోండి. స్పీడు, ఎన్ని స్లాట్లు వాడుకలో ఉన్నాయి, సోడిమ్మా (ల్యాప్‌టాప్ సైజు ర్యామ్) కాదా అన్నీ అక్కడే ఉంటాయి. డీడీఆర్4 స్లాట్‌లో డీడీఆర్5 దూరదు, గాడి వేరే చోట ఉంటుంది. కొన్ని పల్చటి ల్యాప్‌టాప్‌లలో ర్యామ్ బోర్డుకే అతికించి ఉంటుంది, మోడల్ నంబర్‌తో ముందే చూసుకోకపోతే ఆటో ఖర్చు దండగ. రెండు స్లాట్లుంటే ఒకటే పదహారు కంటే ఎనిమిది రెండు మేలు, బిల్టిన్ గ్రాఫిక్స్‌కి ఆ తేడా బాగా తెలుస్తుంది.

కొత్త స్టిక్ వేసిన రాత్రి గేమ్ తెరవొద్దు. స్టార్ట్‌లో ఎండీషెడ్ (mdsched) అని కొట్టి విండోస్ మెమరీ టెస్ట్ నడిపించండి. క్రాష్ వచ్చిన ప్రతిసారీ ఎర్రర్ వేరేలా ఉంటే, ఒకసారి గేమ్, ఇంకోసారి క్రోమ్ పడిపోతుంటే, సెట్టింగ్స్ వదిలేసి ముందు స్టిక్‌నే అనుమానించాలి. ఒక్కోటి విడిగా పెట్టి టెస్ట్ చేసి, తప్పు చూపించినదాన్ని బిల్లుతో సహా షాపులో ఇచ్చి మార్పించుకోండి.